ఇరవై మూడో నెంబరు బొమ్మ

1963 జనవరి 22, మంగళవారం. జగ్గయ్యపేట

హెడ్మిస్ట్రెస్ గారు గదిలోకి పిలిచి చెప్పారు. నందిగామ హైస్కూల్లో కొత్తరకం బొమ్మల ఎగ్జిబిషన్ పెడుతున్నారట, చైనా యుద్ధం రక్షణ నిధి కోసం. రిపబ్లిక్ డే నాడు మొదలై తొమ్మిది రోజులు ఉంటుందట. వచ్చే మంగళవారం మా ఐదో తరగతి పిల్లల్ని నేను తీసుకెళ్ళాలి. సరేనన్నాను.

సాయంత్రం తమ్ముడు బుల్లిబాబు చెవిటికల్లు నుంచి వచ్చాడు. పుష్పకి జామకాయలు తెచ్చాడు. వెళ్ళబోతూ గుమ్మంలో నిలబడి, "అక్కా, వాడు నందిగామలోనే ఉంటన్నాడంట. సినిమా హాలుకి బోర్డులు రాస్తన్నాడంట," అన్నాడు.

ఎవడని నేను అడగలేదు. ఆగస్టులో రాజమండ్రి జైలు నుంచి వదిలారని అప్పుడే తెలిసింది. పన్నెండేళ్ళ కిందట నా భర్తని నరికినవాడు ఎక్కడుంటే నాకేం? నాకు ఉద్యోగం ఉంది. పిల్ల ఉంది. నాకేమీ అనిపించలేదు.

జనవరి 24

నాకేమీ అనిపించలేదు.

జనవరి 29, మంగళవారం

పిల్లలు ముప్పై ఇద్దరు. బస్సులో ఇద్దరు వాంతి చేసుకున్నారు. నందిగామ చేరేసరికి పదకొండయింది.

హాల్లో బెంచీలు తీసేసి, తడికలు నిలబెట్టి, వాటికి తెల్లగుడ్డ కట్టి బొమ్మలు తగిలించారు. ప్రతిదాని కిందా ఒక నెంబరు, పేరు, వేసినవాళ్ళ ఊరు. ఆ స్కూలు డ్రాయింగు మాస్టారు భవానీప్రసాద్ గారే ఇదంతా నడిపిస్తున్నారు. బక్కపల్చటి మనిషి, ముప్పై దాటి ఉండవు. మద్రాసులో చదువుకున్నారట. మాట్లాడుతుంటే చేతులు ఒకచోట ఉండవు.

మొదటిది నీలం ఎద్దు. "టీచర్, ఎద్దు నీలంగా ఉందేంటండీ?" అని ఒకడు అడిగితే, ఇంకొకడు "చలేసిందిరా," అన్నాడు. మాస్టారు పడీపడీ నవ్వారు. కళ్ళు లేని ఆడమనిషి బొమ్మ దగ్గర ఆడపిల్లలు ఎక్కువసేపు నిలబడ్డారు. ఉత్త చదరాలే ఉన్న బొమ్మ దగ్గర ఎవరూ నిలబడలేదు. విరిగిన నాగలి కర్రులు అతికించి చేసిన మనిషి ఒకడున్నాడు, పొట్ట స్థానంలో ఖాళీ. ఒక ముసలాయన దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఇనుం దండగ," అని వెళ్ళిపోయాడు.

"ఇవి కంటితో చూసినవి కాదమ్మా. లోపల తగిలినవి," అన్నారు మాస్టారు నాతో. నేను తలూపాను.

పద్దెనిమిదో నెంబరు దగ్గర ఒళ్ళు మండింది. 'యుద్ధం' అని పేరు. మద్రాసు చిత్రకారుడట. మనిషంత బట్ట నిండా ఎర్రరంగు, వేలు మందాన, తాపీతో మెత్తినట్టు. మాస్టారు దాన్ని గురించే ఎక్కువ చెప్పారు. మంచుకొండల మీద కారిన నెత్తురట. నెత్తురు అలా ఉంటుందా! గంటసేపటికే నల్లబడిపోతుంది. దాని మీద ఈగలు వాలతాయి. కడిగితే గచ్చు సందుల్లో ఉండిపోతుంది, పేడనీళ్ళతో మూడురోజులు కడగాలి. ఇతను ఎప్పుడు కడిగాడు? ఆ ఎరుపంతా చేత్తో గీకి పారెయ్యాలనిపించింది. పిల్లలున్నారని ఊరుకున్నాను.

ఇరవై మూడో నెంబరు మూలగా ఉంది. చిన్న బొమ్మ, పలకంత. ఒక ముఖం.

చెంప మీద ఆకుపచ్చ నీడ, ఒక చెవి లేదు, మెడ తెల్లరంగులో కలిసిపోయింది. అయినా ఆయనే. ఎడమ కనుబొమ మీద ఎద్దు కొమ్ము తగిలిన గాటు. ముఖం కొంచెం ముందుకు వంచి, కనుబొమలు ముడేసి, ఏదో అనబోతున్నట్టు పెదాలు తెరిచి. కింద అట్టముక్క మీద 'మనిషి. ఎస్. సాంబయ్య, నందిగామ' అని ఉంది.

పిల్లల్ని లెక్క పెట్టాను. ముప్పై ఇద్దరూ ఉన్నారు. బస్సు ఎక్కించాను.

జనవరి 30

జ్వరమని సెలవు పెట్టాను. జ్వరం లేదు.

మాకు ఫొటో లేదు. పెళ్ళయిన రెండేళ్ళకి బెజవాడ వెళ్ళి తీయించుకుందామన్నారు. మిరపకాయ కోతలయ్యాక అన్నారు. ఆ కోతల్లోనే, 1951 మార్చిలో, లంకలోంచి ఆయన్ని బండి మీద తెచ్చారు. పైన గోనెపట్టా కప్పారు. తియ్యొద్దని నలుగురు పట్టుకున్నారు. నాకు అయిదో నెల. అయినా విదిలించుకుని తీశాను. ముఖం మీద రెండు వేట్లు పడ్డాయి. అక్కడ ముఖం లేదు.

పన్నెండేళ్ళుగా, ఆయన్ని తలుచుకుందామని కళ్ళు మూసుకుంటే ఆ పట్టా కిందిదే వస్తుంది. నవ్వే ముఖం, అన్నం తినే ముఖం, పోట్లాడే ముఖం, అన్నిటినీ అది తినేసింది. పుష్ప చిన్నప్పుడు నాన్న ఎలా ఉండేవాడని అడిగితే, "పొడుగ్గా ఉండేవాడు," అని చెప్పేదాన్ని. నాకు మిగిలింది అంతే.

వాడికి మిగిలింది. వాడు దాచుకున్నాడు.

ఇద్దరూ కలిసి లంక భూమి కౌలుకి చేసేవాళ్ళు. ఒక కంచంలో తిన్న స్నేహం. కౌలు కాగితం ఆయన ఒక్కడి పేరునే రాయించుకున్నాడని వాడి అన్నలు ఎక్కించారు. తాగించి, వేటకొడవలి చేతికిచ్చి పంపారు. కోర్టులో వచ్చింది ఇదే. కాగితం సంగతి నాకు తెలియదు.

జనవరి 31, గురువారం

మళ్ళీ వెళ్ళాను. ఒక్కదాన్నే. సంచీలో పిల్లల పెన్సిళ్ళు చెక్కే బ్లేడు ఉంది. ఎప్పుడూ ఉంటుంది.

మధ్యాహ్నం వేళ హాలు ఖాళీ. మూలకి వెళ్ళి ఇరవై మూడో నెంబరు ముందు నిలబడ్డాను. బ్లేడు తీశాను. ఎక్కడ మొదలుపెట్టాలో చూసుకున్నాను. కళ్ళ దగ్గరా? నోటి దగ్గరా? మళ్ళీ ఆ ముఖం మీద వేటు పడాలా, ఈసారి నా చేత్తో? చెయ్యి లేవలేదు.

వెనక్కి వచ్చి పద్దెనిమిదో నెంబరుని కోశాను. పైనుంచి కిందికి ఒకటి, అడ్డంగా రెండు. రంగు పెచ్చులు పెచ్చులుగా రాలింది. బ్లేడు నా వేళ్ళల్లో కూడా దిగింది. ఎంత హాయిగా ఉందో రాస్తే సిగ్గుచేటు. ఇంకా కోసేదాన్నే.

"అమ్మా!"

భవానీప్రసాద్ గారు. పరుగెత్తుకొచ్చి నా మణికట్టు పట్టుకున్నారు. అరుస్తారనుకున్నాను. జేబురుమాలు తీసి వేళ్ళకి చుట్టారు. తర్వాత వేలాడుతున్న బట్ట చూసి ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నా స్నేహితుడి బొమ్మండీ. వాడికేం చెప్పను? ఎందుకు కోశారు?"

"నెత్తురు అలా ఉండదు," అన్నాను.

ఆయన నన్నూ, మూలనున్న బొమ్మనీ మార్చి మార్చి చూశారు.

"మీది చెవిటికల్లా?"

ఆయనే చెప్పుకుపోయారు. జైల్లో సాంబయ్య మొదట బొగ్గుతో గోడల మీద గీసేవాడట. ఆ ముఖం ఒక్కటే. వందసార్లు వేసి ఉంటాడట. ఏదీ కుదర్లేదని చెరిపేసేవాడట. ఇక్కడికొచ్చాక ఇది కుదిరిందట. "పెట్టనని ఏడ్చాడండీ. నేనే బలవంతాన తీసుకొచ్చా. ఎవరి ముఖమో నాకు ముందే చెప్పాడు. రోజూ నాలుగింటికి వచ్చి వరండాలో కూచుంటాడు. లోపలికి మాత్రం రాడు."

అప్పటికి రెండున్నర. నేను బస్సుకి వచ్చేశాను.

ఫిబ్రవరి 1, శుక్రవారం

బుల్లిబాబు పొద్దున్నే దిగాడు. సైకిలు గోడకి ఆనించలేదు, పడేశాడు. వాడికి సంగతి తెలిసిపోయింది. ఊళ్ళో రత్తయ్య ఎరువుల కోసం నందిగామ వెళ్ళి, ఎగ్జిబిషన్లోకి తొంగిచూసి, బావ ముఖం గుర్తుపట్టాడట.

"చంపిందిగాక బొమ్మేసి టికెట్టు పెట్టి చూపిత్తన్నాడా! నీకు తెలుసా అక్కా?"

"చూశా."

"చూసి ఊరుకున్నావా?"

నా కట్టుకట్టిన చెయ్యి చూశాడు. అరుగు మీద కూర్చుని చాలాసేపు మట్టిలో పుల్లతో గీతలు గీశాడు. ఆయన పోయినప్పుడు వాడికి పదహారేళ్ళు. శవాన్ని బండి దింపింది వాడే. ఇప్పుడు వాడికీ పెళ్ళాం, ఇద్దరు పిల్లలు.

"ఆదివారం ఆకరి రోజంట గదా," అన్నాడు. "వాడు ఎన్నింటికొత్తాడు అక్కడికి?"

పొయ్యి మీద పప్పు ఉందని నేను లోపలికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి వాడు లేడు. భోజనం చెయ్యకుండానే పోయాడు.

ఫిబ్రవరి 2

రేపు పుష్పకి ఆ బొమ్మ చూపించాలి. రేపటితో తీసేస్తారు. పొద్దున బస్సుకి వెళ్ళి మధ్యాహ్నంలోపు వచ్చేస్తాం.

ఫిబ్రవరి 3

చీర ఉతికాను. పోలేదు.

ఫిబ్రవరి 5, మంగళవారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఈ పుస్తకం ఎవరూ చదవరు.

ఆదివారం పొద్దున బస్సు తప్పింది. రెండో బస్సు వెళ్ళేటప్పుడు పుష్పకి జడ వేస్తున్నాను. అప్పటికే ఒకసారి వేసిన జడ విప్పి మళ్ళీ వేస్తున్నాను. నందిగామలో దిగేసరికి మూడున్నర. రక్షణ నిధి ముగింపు సభ తాలూకాఫీసు దగ్గర పెట్టారు. ఊరంతా అటుపోయింది, డప్పులు వినిపిస్తున్నాయి. స్కూల్లో మనిషి లేడు. భవానీప్రసాద్ గారు వెనక గదిలో బొమ్మలు కట్టలు కడుతున్నారు.

పుష్ప ఆ బొమ్మ ముందు నిలబడి, నేనేమీ చెప్పకముందే తన కనుబొమలు తడుముకుంది.

"ఈయనెవరే అమ్మా? నాలా ఉన్నాడు."

"మీ నాన్న."

అది వేలితో బొమ్మలోని పెదవి ముట్టుకుంది. తర్వాత, "ఎవరేశారు?" అంది.

దానికి తెలుసు, నాన్నని ఎవరు చంపారో. ఊళ్ళో పిల్లలే చెప్పారు. నేను అట్టముక్క చూపించాను. అది చదువుకుంది. దాన్ని అక్కడే ఉండమని నేను వరండాలోకి వచ్చాను.

వాడు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. తల నెరిసిపోయింది. ఆయన కంటే ఏడాది చిన్న, ముసలాడిలా ఉన్నాడు. గోళ్ళనిండా రంగు. నన్ను చూసి లేచి, "వదినా" అనబోయి, "అమ్మా" అన్నాడు.

"ఏమనబోతున్నాడు?" అన్నాను.

"ఏందండి?"

"నోరు తెరిచి ఉంది. నువ్వే వేశావు. ఏమనబోతున్నాడు? చివరికి ఏమన్నాడు?"

వాడు తల అడ్డంగా ఊపాడు. "వద్దండమ్మా. అడగమాకండి."

"కోర్టులో చెప్పలేదు. నాకు చెప్పు."

మెట్టు మీద చతికిలబడి నేలకేసి చూస్తూ చెప్పాడు. "పరిగెత్తుకుంటా పోయానండి. చేతిలో కొడవలి. ఒగురుస్తా ఉన్నా. వాడు మిరపకాయలు తిరగేస్తన్నాడు. నన్ను చూసి, నన్నెవరో తరుముతున్నారనుకున్నాడండి. 'ఎవర్రా సాంబా, ఎవరు వెంటపడ్డారు? నా వెనక్కి రా' అన్నాడు. అని ముందుకొచ్చాడు. నాకు అడ్డం నిలబడదామని. అప్పుడేశా."

హాలు వైపు చెయ్యి చూపించి, "ఆ మొకమే అండి అది," అన్నాడు.

వరండాలో బడిగంట, రైలుపట్టా ముక్క వేలాడుతోంది. దాని పక్కన గంట కొట్టే కర్ర. అది ఎప్పుడు తీశానో తెలియదు. మొదటి దెబ్బ నెత్తిమీద. చర్మం చిట్లిన చప్పుడు వినిపించింది. రెండోది చెవి మీద. తర్వాత లెక్క లేదు. భుజాల మీద, వీపు మీద, మోకాళ్ళ మీద. వాడు చేతులు అడ్డం పెట్టలేదు. పెట్టనందుకు ఇంకా కొట్టాను. నా వేళ్ళ గాట్లు విచ్చుకుని కర్ర జారుతుంటే రెండు చేతులా పట్టుకుని కొట్టాను. నోటికి వచ్చిన బూతులన్నీ తిట్టాను. అన్ని తెలుసునని నాకే తెలియదు. పన్నెండేళ్ళలో అంత బలంగా ఏ పనీ చెయ్యలేదు.

గేటులోంచి బుల్లిబాబు వస్తున్నాడు. కండువా కింద చెయ్యి. సాంబయ్య వెనకనుంచి వస్తున్నాడు. నేను చూశాను. వాడు చూడలేదు. నేను నోరు తెరవలేదు. కర్ర దించి ఒక అడుగు పక్కకి జరిగాను.

చప్పుడుకి సాంబయ్య తిరిగాడు. అప్పుడు అడ్డం ఎత్తాడు చెయ్యి, కుడిచెయ్యి. వేటు ముంజేతి మీద పడింది. చెయ్యి తోలుకి వేలాడింది. రెండో వేటు భుజంలో దిగి కొడవలి ఎముకలో ఇరుక్కుంది. బుల్లిబాబు కాలితో తన్నిపట్టి లాగబోయాడు, రాలేదు. వదిలేసి పారిపోయాడు. నెత్తురు నా చీర మీద, మెట్ల మీద, రైలుపట్టా మీద. అది ఆ మద్రాసు బొమ్మలా లేదు. పల్చగా, వేడిగా, నీళ్ళలా పోతుంది.

గుమ్మంలో పుష్ప ఉంది. ఎప్పుడొచ్చిందో.

అరిచింది అదే, నేను కాదు. భవానీప్రసాద్ గారు వచ్చేసరికి గేటు దాటుతున్న మనిషి వీపు తప్ప ఏమీ కనిపించలేదట. ఆయన పంచె చింపి వాడి చెయ్యి కట్టారు. పట్టుకోమ్మా అన్నారు. పట్టుకున్నాను.

ఎస్సై గారు వచ్చి అడిగారు. ఎవరో, చూడలేదని చెప్పాను.

ఇంకొకటి రాయాలి. శుక్రవారం నాడు పొయ్యి దగ్గరనుంచే "నాలుగింటికి" అని కేకేశాను. ఆ రోజు రాయలేదు.

ఫిబ్రవరి 7

పుష్ప మాట్లాడటం లేదు. అన్నం పెడితే తింటుంది, జడ తనే వేసుకుంటోంది. ఇవాళ బడికి వెళ్తూ ఒక్క మాట అంది.

"మామయ్యని ముందు చూసింది నువ్వే."

ఫిబ్రవరి 9, శనివారం

బెజవాడ ఆసుపత్రిలో వాడికి మోచేతి దాకా తీసేశారు. బతుకుతాడట. స్పృహ వచ్చాక పోలీసులు అడిగితే, ఎవరో తెలియదు, కొత్తమనిషి అని చెప్పాడట. నేను కొట్టిన దెబ్బల గురించి అడిగితే, మెట్ల మీద పడ్డానన్నాడట.

వాడి చెయ్యి పోయిందని చెవిటికల్లులో పండగలా ఉందట. మరదలు, బుల్లిబాబు భార్య, చంటిదాన్ని చంకనేసుకుని వచ్చింది. రావడమే నా కాళ్ళ మీద పడింది.

"వదినా, ఆ సాంబయ్యే పేరు చెప్పలేదు. నువ్వూ ఆ మాట మీదే ఉండు. పుష్పకి కూడా గట్టిగా చెప్పు. నా పసుపుకుంకాలు నీ నోట్లో ఉన్నయ్."

లేవదీశాను. కాఫీ ఇచ్చాను. మాటిచ్చానో లేదో గుర్తులేదు. తల ఊపాననుకుంటాను.

అది వెళ్ళాక సైదా గుర్తొచ్చాడు. లంకకి పడవ నడిపేవాడు. అప్పట్లో చూసినవాళ్ళు అయిదుగురు, నలుగురు కోర్టులో చూడలేదన్నారు. నేను నిండు కడుపుతో వెళ్ళి సైదా కాళ్ళ మీద పడ్డాను, చూసింది చూసినట్టు చెప్పమని. "చెప్తానమ్మా, లెగు," అన్నాడు. చెప్పాడు. వారంలో సాంబయ్య అన్నలు పడవ తగలబెట్టారు. సైదా పెళ్ళాం పిల్లలతో ఏ ఊరు పోయాడో ఇంతవరకు కనుక్కోలేదు నేను.

కౌలు కాగితం ఒక్కడి పేరున రాయించమన్నది నేను. పిల్లలు పుట్టబోతున్నారు, ఉమ్మడి బేరాలు వద్దు అన్నాను. ఆయన రెండు నెలలు ఒప్పుకోలేదు. నేను రెండు రోజులు అన్నం మానేశాను. అప్పుడు రాయించాడు.

ఫిబ్రవరి 10

ఎంత ఆలోచించినా ఒకే మాట దగ్గర ఆగుతున్నాను. వాడు మమ్మల్ని కాపాడాడు. నా తమ్ముడు వాడి దయ మీద బయట తిరుగుతున్నాడు. నేను వాడి దయ మీద రేపు బళ్ళో పాఠం చెప్పాలి. ఆయన్ని చంపినవాడు నాకు పెట్టిన భిక్ష తిని, నా కూతురి ముఖం చూడాలి.

వాడి దయ నాకొద్దు. కోపంగా ఉంది. అదే మంచిది, కోపం ఉండగానే వెళ్ళాలి.

ఫిబ్రవరి 11, సోమవారం

పుష్పని బడి మాన్పించి తీసుకెళ్ళాను. నందిగామ స్టేషను. ఎస్సై గారు పెద్దాయన, కుర్చీ వేయించారు. మొత్తం చెప్పాను. పేరు చెప్పాను. ఆయన కలం ఆపి, "అమ్మా, మీ సొంత తమ్ముడు. దెబ్బతిన్నవాడే చెప్పటం లేదు. ఇంకోసారి ఆలోచించుకోండి," అన్నారు.

"రాయండి."

రాశారు.

"మీ తమ్ముడు వస్తున్నట్టు మీకు ముందే తెలుసా?"

"తెలుసు. ఎన్నింటికి రావాలో చెప్పింది నేనే."

"వేసే ముందు చూశారా?"

"చూశా. పక్కకి జరిగా."

"ఇవన్నీ అక్కర్లేదండీ. మిమ్మల్ని కూడా కేసులోకి లాగుతాయి."

"కర్రతో కొట్టిన సంగతి కూడా రాయండి. మెట్ల మీద పడలేదు."

ఆయన రాసుకున్నారు. చదివి వినిపించారు. సంతకం చేశాను. పుష్పని అడిగారు. అది నిలబడి, "అమ్మ చెప్పిందే నిజమండి," అంది. ఎనిమిది రోజుల తర్వాత దాని గొంతు అంత గట్టిగా వినడం అదే మొదటిసారి.

బస్టాండు దాకా నా పక్కన నడిచింది. చెయ్యి పట్టుకోలేదు.

ఫిబ్రవరి 20

బుల్లిబాబుని చెవిటికల్లులో పట్టుకున్నారు. మరదలు నా పేరు చెప్పి దుమ్మెత్తి పోసిందట. ఆ తప్పు దానిది కాదు. నామీదా కేసు పెట్టారు. జామీను మీద ఉన్నాను. స్కూలు నుంచి సస్పెన్షన్ కాగితం వచ్చింది.

పక్కింటి హఫీజున్నీసా గారు రోజూ కూర పంపుతున్నారు. ఏమీ అడగరు.

మార్చి 17, ఆదివారం

భవానీప్రసాద్ గారు వచ్చారు. గుడ్డలో చుట్టిన బొమ్మ తెచ్చారు. వాడు ఆసుపత్రి నుంచి వెళ్ళేముందు మాకు ఇవ్వమన్నాడట. ఎక్కడికి వెళ్ళాడో ఆయనకి చెప్పలేదట. ఆసుపత్రిలోనే ఎడమచేత్తో పలక మీద గీతలు ప్రాక్టీసు చేసేవాడని మాత్రం చెప్పారు.

వద్దని పంపేద్దామనుకున్నాను. పుష్ప వచ్చి గుడ్డ విప్పి, గోడకి ఆనించి, దాని ముందు మఠం వేసుకుని కూర్చుంది. నేను వంటింట్లోంచి చూస్తున్నాను. అది గుడ్డ విప్పినప్పుడు దగ్గరగా చూశాను, కుంచె పోగులు రంగులో అంటుకుని ఉన్నాయి. కనుబొమల మధ్య ముడి దగ్గర రంగు మందంగా ఉంది, అక్కడ చాలాసార్లు దిద్దాడు.

"అమ్మా," అంది వెనక్కి తిరక్కుండా. "నాన్న ఎవర్ని చూస్తున్నాడు?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. నిన్నే అందామనుకున్నాను. నన్ను అందామనుకున్నాను.

"తన స్నేహితుణ్ణి," అన్నాను. "ఎవరో తరుముతున్నారనుకుని, అడ్డం వెళ్తున్నాడు."

పుష్ప లేచి వచ్చి, పీట వాల్చుకుని, అన్నం పెట్టమంది.